కర్ర నీకే, కూలి అడగబాక

నెల్లూరు కానీ ఒంగోలు కానీ, ఇంటి ముందున్న వేపచెట్టు కొట్టించాలంటే బేరం ఒకే మాటతో మొదలవుతుంది: "కర్రంతా నువ్వే తోలుకుపో అన్నా, కూలి మాత్రం అడగబాక." ఇంటాయన చేతి నుంచి పైసా పోదు. చెట్టు కొట్టే అతనికి కట్టెల అడితిలో నాలుగు డబ్బులొస్తాయి. పైకి చూస్తే ఇద్దరికీ లాభమే. కానీ ఈ పనిలో కనిపించే రోగాల్లో సగానికి పైగా ఈ ఒక్క బేరమే మూలమని నా వాదన. వీధుల్లో చెట్లు బోడిగుండ్లతో నిలబడటానికీ, చెట్టెక్కేవాడికి బెల్టు లేకపోవడానికీ, తుఫాను వచ్చిన ప్రతిసారీ అవే కొమ్మలు అవే తీగల మీద పడటానికీ కారణం అక్కడే ఉంది.

కర్రే కూలి అయినప్పుడు కత్తి లావు కొమ్మ వైపే పోతుంది. చెట్టుకు మేలు చేసే కోతలో రాలేది ఎండుపుల్లలు, రాసుకునే రెమ్మలు, మూడు నాలుగు అంగుళాల మందం కొమ్మలు. వాటిని అడితిలో ఎవరూ కొనరు, కొన్నా చిల్లర కట్టెల ధరకే. దాంతో చెట్టు ఉంచుకోవాల్సిన కర్ర బండెక్కుతుంది, పోవాల్సిన చెత్త చెట్టు మీదే మిగిలిపోతుంది.

ఒక రోజు ఖర్చు లెక్క వేసి చూద్దాం. ఈ రేట్లు ఉదాహరణకు పెట్టుకున్నవే, మీ ఊరి రేట్లు వేసుకోండి. చెట్టెక్కేవాడికి 1,500, కింద తాడు పట్టేవాడికి 1,000, రెమ్మలు లాగే ఇద్దరికి 700 చొప్పున 1,400. మనుషులకే 3,900 అయింది. కోత మిషనుకు పెట్రోలు, అందులో కలిపే టూటీ ఆయిలు, చైను మీదికి ఆయిలు కలిపి 600. ట్రాక్టరు ఒక్క ట్రిప్పుకు 1,500. ఇక అరుగుదల. 15,000 పెట్టి కొన్న మిషను 300 పనిరోజులు నడిస్తే రోజుకు 50 రూపాయలు. 1,050 రూపాయల చైను పదిహేను రోజులు వస్తే రోజుకు 70. తాళ్లు, బెల్టు, హెల్మెట్ అన్నీ కలిపి 80. మొత్తం 6,200. ఇందులో లాభం లేదు. వానకు ఆగిపోయిన రోజులు లేవు. చెట్టు చూసి రేటు చెప్పడానికి వేదాయపాళెం నుంచి కోవూరు దాకా తిరిగిన బండి పెట్రోలూ లేదు.

అడితిలో టన్ను 3,000 పలికిందనుకుంటే, పెట్టిన ఖర్చు రావడానికే రెండు టన్నుల పైన కర్ర కావాలి. పచ్చి వేపకర్ర ఘనమీటరుకు సుమారు టన్ను అనుకుంటే, అడుగు మందం దుంగ మీటరు పొడవుకు 70 కిలోల పైచిలుకు తూగుతుంది. రెండు టన్నులంటే అలాంటి దుంగ 28 మీటర్లు. ఇంటి ముందు చెట్టులోంచి అంత కర్ర తీశాక అక్కడ మిగిలేది మొండిమానే. అదే పని పద్ధతిగా చేస్తే నాలుగు అంగుళాల కొమ్మలు ఓ ముప్పై మీటర్లు రాలతాయి. మీటరుకు 8 కిలోల చొప్పున 240 కిలోలు, అంటే 720 రూపాయలు. 6,200 ఖర్చు పెట్టి 720 రూపాయల కట్టెలు తెచ్చుకునే అమాయకుడు ఎవడూ ఉండడు. కాబట్టి ఊరికే చేయించుకునే ఇంటాయన ఆ 5,480 రూపాయలను చెట్టు ఒంట్లోంచి ఇస్తున్నాడు.

పద్ధతిగా కొట్టడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే రేటు అడిగేటప్పుడు వాదించాల్సింది దీని మీదే. కొమ్మ మానుకు కలిసే చోట ఉంగరంలా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మానుకు చెందినది, కొమ్మకు కాదు. కోత దాని బయటి అంచున పడాలి. ఉబ్బును కూడా చెక్కేసి మానుకు సమంగా నున్నగా కోస్తే గాయం రెట్టింపవుతుంది. అలాగని జానెడు మొండి వదిలితే అది ఎండి, కుళ్లి, ఆ దారినే బూజు మానులోకి దిగుతుంది. చెట్టుకు మన చర్మంలా గాయం మానదు. పాత గాయం లోపలే ఉండిపోతుంది, చుట్టూ కొత్త కర్ర పెరిగి దాన్ని మూసేస్తుంది. ఆ మూసే కర్ర పుట్టేది ఉంగరం దగ్గరే.

మణికట్టు కంటే లావైన కొమ్మను ఒక్క కోతతో తీయకూడదు. మూడు కోతలు కావాలి. మానుకు అడుగు, అడుగున్నర దూరంలో కింది నుంచి కొమ్మ మందంలో మూడో వంతు దాకా మొదటి కోత. దానికి రెండు అంగుళాలు బయటగా పై నుంచి రెండోది, దీంతో కొమ్మ తెగి పడిపోతుంది. మిగిలిన మొండిని తీసేందుకు ఉంగరం దగ్గర మూడోది. మొదటి కోత ఎగ్గొడితే ఏమవుతుందో ఊళ్లో ఏ వేపను చూసినా తెలుస్తుంది. కొమ్మ బరువుకు బెరడు మాను పొడవునా రెండు మూడు అడుగులు చీరుకుపోయి ఉంటుంది. మూడు కోతలకు పట్టే టైము ఎక్కువ, రాలే కర్ర మాత్రం అంతే. కర్ర కోసం పనిచేసేవాడు మొదటి కోత ఎందుకు వేస్తాడు?

ఒక ఏడాదిలో ఆకుల్లో పావు వంతుకు మించి తీయకూడదు. తలకాయ మొత్తం కొట్టి బోడి చేస్తే చెట్టు ఆకలికి ఒంట్లో దాచుకున్న పిండి పదార్థం ఖర్చు పెట్టి గుత్తులు గుత్తులుగా చిగుళ్లు వేస్తుంది. "చూశావా, ఎంత బాగా చిగిర్చిందో" అని ఇంటాయన మురిసిపోతాడు. ఆ కొమ్మలు మాను లోపలి నుంచి పుట్టినవి కావు, బెరడు కింద పైపైన అతుక్కున్నవి. మూడు నాలుగేళ్లకు మళ్లీ పాత ఎత్తుకు పెరుగుతాయి, ఈసారి పట్టు లేకుండా. కార్తీకంలో వచ్చే తుఫాను గాలికి ముందు ఊడి పడేవి ఇవే.

వేప ఎండు తెగులు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వానాకాలం చివర్లో వేపల కొసలు కాలినట్టు గోధుమరంగుకు తిరగడం అందరూ చూశారు. ఒక బూజు తెగులు, దానికి తోడు రసం పీల్చే టీ దోమ అనే పురుగు. చెట్టు చచ్చిందని ఎంతోమంది కొట్టించేశారు. నిజానికి చాలా చెట్లు తర్వాతి కాలానికి మళ్లీ చిగిర్చాయి. చేయాల్సిందల్లా ఎండిన కొసలను పచ్చి భాగంలో కొన్ని అంగుళాలు లోపలికి కోసి, ఆ పుల్లలను కాల్చేసి, రెండో చెట్టు ఎక్కేముందు కత్తి శుభ్రం చేసుకోవడం. పెద్ద గాయాలకు బోర్డో పేస్టు పూయవచ్చు. మైలతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు. రెండూ వేర్వేరుగా అయిదేసి లీటర్లలో ప్లాస్టిక్ బకెట్లలో కలిపి తర్వాత ఒకచోట పోయాలి. ఇనప బకెట్టు వాడకూడదు. కలిపాక అందులో చాకు ముంచి తీస్తే ఎర్రటి పొర పట్టిందంటే సున్నం చాల్లేదన్నట్టు. "ఈ చెట్టు చావలేదు, కొట్టించబాకండి" అని కర్ర కోసం వచ్చినవాడు చెప్పగలడా? చెబితే ఆ రోజు కూలి పోయినట్టే. నేరం ఆ మనిషిది కాదు, బేరానిది.

మిషను విషయానికి వద్దాం. ఎక్కువమంది చేతుల్లో ఉండేది 58 సీసీ చవక మిషను, చైను చుట్టూ తిరిగే పట్టీ, అంటే బార్, ఇరవై అంగుళాలు. ట్యాంకులో అర లీటరు పైన పడుతుంది. పెట్రోల్లో టూటీ ఆయిలు ఎంత కలపాలన్నది డబ్బా మీద కాదు, మిషను పుస్తకంలో చూడాలి. 25కి 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అయితే 20. అందాజుగా మూత కొలతతో పోస్తే తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసి పట్టి మధ్యలో ఆగిపోతుంది. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాల్లో తేమను లాగుతుంది, మన కోస్తా గాలిలో మరీను. నెల రోజుల కిందట కలిపిన పెట్రోలు వాడకూడదు, వానాకాలం మిషను మూలన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయే దాకా నడిపి పెట్టాలి. లేకపోతే కార్బురేటర్ లోపలి పల్చని రబ్బరు పొర గట్టిపడి, తుఫాను మర్నాడు, సరిగ్గా పని దొరికే రోజున, మిషను స్టార్టవదు.

బార్ మీదికి మెకానిక్ షెడ్డులో వంచిన నల్ల ఆయిలు పోయడం ఇంకో అలవాటు. అది పలచన, చైను కొసకు చేరేలోపే ఎగిరిపోతుంది. అందులోని లోహపు పొడి బార్ గాడిని గీరేస్తుంది. మిగిలిందేమో 150, అరిగింది బార్.

చైను మొద్దుబారిందా లేదా అన్నది పొట్టు చెబుతుంది. పెచ్చులు పెచ్చులుగా పడితే పదునుంది, పిండిలా రాలితే పోయింది. పిండి రాలుతున్నా నొక్కి కోయడమే చాలా ప్రమాదాలకు మొదలు. ట్యాంకు నింపిన ప్రతిసారీ పంటికి రెండేసి తోపులు ఆకురాయి పెడితే సాయంత్రానికి పది నిమిషాలు కలిసొస్తాయి. ఈ మిషన్లకు మామూలుగా వచ్చే 0.325 అంగుళాల చైనుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది, వాలు 30 డిగ్రీలు. కానీ వీధి చెట్టులో పదునును తినేసేది కర్ర కాదు, మేకులు. ట్యూషన్ బోర్డులు, ఫ్లెక్సీలు, కేబుల్ వైరు కట్టుకున్న ఇనుపతీగ, ఎప్పటి దండెమో. పదేళ్ల కిందటి మేకు లోపలికి పోయి ఉంటుంది, పైకి కనపడదు. కోసే చోట బెరడు మీద నల్లటి నీలి మచ్చ ఉంటే లోపల ఇనుముందని అనుమానించాలి. రోడ్డు పక్క చెట్టుకు రేటు చెప్పేటప్పుడు ఒక చైను ఖర్చు అందులో వేసుకోవడం దురాశ కాదు.

తాళ్ల విషయంలో మన జిల్లాలకు ప్రత్యేకమైన జబ్బొకటి ఉంది. సముద్రం దగ్గరలో ఉండటంతో పడవల తాళ్లు చవకగా దొరుకుతాయి, పాతవైతే మరీను. నీళ్ల మీద తేలే ఆ ప్లాస్టిక్ తాడు పడవకు మంచిదే. కొమ్మ చుట్టూ రాసుకుంటూ బరువు దిగేటప్పుడు వేడెక్కి కరుగుతుంది, ఎండకు పెళుసవుతుంది. ముడి వేసిన చోట ఏ తాడుకైనా బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. అడుగు మందం, ఆరడుగుల దుంగ 130 కిలోలు. అది ఒక మీటరు జారి తాడు మీద ఆగితే పడే దెబ్బ ఆ బరువుకు కొన్ని రెట్లు. పొడుగు దుంగకు అడితిలో ధర ఎక్కువ కాబట్టి కర్ర కోసం కొట్టేవాడు పెద్ద ముక్కలుగానే దించుతాడు. డబ్బుకు కొట్టేవాడికి చిన్న ముక్కలుగా కోసుకునే వెసులుబాటు ఉంటుంది. బరువు దించే తాడు, మనిషి కట్టుకునే తాడు ఎప్పుడూ ఒకటి కాకూడదు. పైన మిషను నడిపేటప్పుడు మనిషి రెండు చోట్ల కట్టుకుని ఉండాలి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం మనకు సామెత. చెట్టు మీద మాత్రం దానికి దగ్గరగా జరిగేది నడుముకు కట్టిన ఒక్క తాడును తన మిషనుతోనే కోసుకోవడం.

మునగచెట్టు ఎక్కించడం అనే మాట కూడా ఊరికే పుట్టలేదు. "నీకెందుకబ్బాయ్ తాడు, కోతిలా ఎక్కేస్తావు" అనే ఇంటాయన మాటకు పొంగిపోయినవాడు దిగేటప్పుడు చెట్టు దిగడు, కింద పడతాడు. కొబ్బరి అయితే ఎక్కేముందు మొదలు చూడాలి. మానుకు చిల్లులుండి ఎర్రటి జిగురు కారుతూ నమిలినట్టు పీచు బయటికొస్తే ఎర్రముక్కు పురుగు లోపల గుల్ల చేసిందన్నట్టు. నేల దగ్గర బంక కారి, పుట్టగొడుగు లాంటి బల్ల పుడితే గానోడెర్మా అనే బూజు తెగులు, వేళ్లు కుళ్లాయి. రెండింటిలో ఏది కనిపించినా ఎక్కకూడదు, పక్క నుంచి నిచ్చెనో క్రేనో కావాలి, ఆ ఖర్చు ముందే చెప్పాలి.

కరెంటు తీగ ఉన్న చోట బేరం స్వరూపమే మారాలి. 11 కేవీ లైనుకు మూడు మీటర్ల లోపలికి మనిషి కానీ పచ్చి కొమ్మ కానీ తడి వెదురు కానీ పోకూడదు. ఎల్సీ తీసుకోవాలి, అంటే లైన్‌మ్యాన్ ద్వారా సబ్‌స్టేషన్ నుంచి సప్లై ఆపించడం. ఫోన్లో "ఆపేశాం, ఎక్కు" అంటే ఎక్కకూడదు. స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తీసి ఉండటం కళ్లతో చూడాలి, లైను షార్ట్ చేసి ఎర్త్ రాడ్ తగిలించేదాకా ఆగాలి. ఎవరింట్లోనో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే ఆపిన లైన్లోకీ కరెంటు వెనక్కి వస్తుంది. కరెంటు కంపెనీ నెల్లూరులో ఎస్పీడీసీఎల్, ఒంగోలు వైపు సీపీడీసీఎల్, పద్ధతి రెండు చోట్లా ఇదే. పదింటికి వస్తుందన్న ఎల్సీ పన్నెండున్నరకు వస్తుంది, నలుగురు మనుషులు నీడన కూర్చుంటారు. ఆ రెండున్నర గంటల కూలి ఎవరిది? కర్ర బేరంలో దానికి జవాబు లేదు. అందుకే ఎల్సీ లేకుండా ఎక్కుతారు.

తుఫాను తర్వాతి పని ఇంకా వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం రెండింటా చెట్లు పడ్డాయి. ఏ చెట్టు పడుతుందో ముందే కొంత చెప్పవచ్చు. సైడు కాలువ కోసం ఒక పక్క వేళ్లు తెంచితే చెట్టు రెండో పక్కకు, అంటే చాలాసార్లు ఇంటి వైపుకే పడుతుంది, ఎందుకంటే గాలికి ఎదురుగా లాగి పట్టుకునే వేళ్లు పోయాయి. పడ్డ చెట్టులో భయపడాల్సింది వేరుగడ్డను. మాను కోసేసరికి బరువు తగ్గి, పైకి లేచిన వేరుగడ్డ మళ్లీ గోతిలోకి దబ్బున కూర్చుంటుంది. ఆ గోతిలో, గడ్డ వెనకాల, ఎవరూ నిలబడకూడదు. పిల్లలు చేరేది సరిగ్గా అక్కడికే. గోడ మీద విల్లులా వంగిన కొమ్మకు ముందు నొక్కుడు పడే లోపలి వైపు కొద్దిగా కోసి, తర్వాత బిగువుగా లాగిన బయటి వైపు కోయాలి. తిరగేసి చేస్తే కొమ్మ చీలి మొహం మీదికి లేస్తుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. చెట్టును మొదలంటా కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్‌ను తోలుకుపోవడానికి ఉన్న సడలింపు చూసి అన్ని చెట్లకూ అదే అనుకోకూడదు. ఇంటి ముందున్నంత మాత్రాన రోడ్డు మీది చెట్టు ఇంటాయనది కాదు. పట్టుబడేటప్పుడు దొరికేది చేతిలో మిషను ఉన్నవాడే. వెలిగొండల వైపు పట్టా భూమిలో ఎర్రచందనం ఉందని ఎవరైనా పిలిస్తే అటవీశాఖ కాగితం చూడకుండా మిషను బండిలోంచి దించకూడదు.

బీమా విషయంలో కొబ్బరి దించేవాళ్లు కాస్త నయం. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి వాళ్లకు యంత్రంతో ఎక్కే శిక్షణ ఇస్తోంది, బీమా పథకం కూడా ఉంది. వేప, చింత, రావి ఎక్కేవాడికి అలాంటి దిక్కు లేదు. కనీసం బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా పెట్టుకోవాలి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు, జూన్ 1 నుంచి మే 31 దాకా. చెట్టు మీంచి పడితే వెంటనే ఆసుపత్రిలో రాయించిన కాగితమే ఆధారం. అందుకే చెట్టు మీంచి పడ్డాడని ఓపీ చీటీలో స్పష్టంగా రాయించాలి. ఎముకలు కట్టేవాడి దగ్గరికి ముందు పోయి, మూడు రోజులకు ఆసుపత్రికి పోతే ఆ ఆధారం బలహీనపడుతుంది. 20 రూపాయల బీమాతో సంసారం నిలబడదన్నది నిజమే. ఎక్కువ మొత్తానికి పెట్టుకోవాలంటే ఆ ప్రీమియం రోజు లెక్కలో పడాలి, రోజు లెక్క డబ్బుల్లో ఉండాలి.

"డబ్బులడిగితే పక్క ఊరతను కర్రకే చేస్తాడు, నాకు పనే దొరకదు" అనేది గట్టి ప్రశ్న. దొరకదు, కొన్నాళ్లు. ఒక్కసారిగా మారమని నేనూ అనను. మధ్య దారి ఉంది. రేటు మొత్తం డబ్బుల్లో చెప్పి, కర్ర విలువ అందులోంచి తీసేయడం. "పనికి 8,000. రాలే కర్ర 700. మీరివ్వాల్సింది 7,300. కర్ర మీరే ఉంచుకుంటే 8,000." ఇలా రెండు అంకెలు విడదీసి చెబితే ఇంటాయనకు మొదటిసారి పని ఖరీదు కనపడుతుంది. బోడి చేయమంటే అదీ డబ్బుల్లోనే చెప్పాలి, మూడేళ్లకు మళ్లీ పిలవాల్సి వస్తుందన్న మాటతో సహా. చీటీ మీద ఇంకో అయిదు విషయాలు రాసుకుంటే సగం తగాదాలు రావు: ఎన్ని కొమ్మలు, ఏవి (ముందే సున్నంతో గుర్తు పెట్టి ఫోటో తీసుకోవాలి), కంప ఎవరు తోలాలి, ఎల్సీ ఎవరు తేవాలి, ఆలస్యమైతే గంటకు ఎంత, ప్రహరీ గోడకు దెబ్బ తగిలితే ఎవరిది.

కాలం కూడా మార్చుకోవచ్చు. మన దగ్గర ఫోన్లన్నీ అక్టోబరులో, మబ్బు పట్టాక వస్తాయి. అప్పుడు బెరడు తడి, గాయాలకు తెగులు పట్టే రోజులు, లైన్‌మ్యాన్‌కు తీరిక లేని రోజులు. వేప ఆకు రాల్చే మాఘ ఫాల్గుణాల్లో పని సులువు, లోపలి కొమ్మలన్నీ కనిపిస్తాయి, ఎల్సీ దొరుకుతుంది. సంక్రాంతి అయ్యాక పాత గిరాకీలకు ఫోన్ చేసి, వీధిలో నాలుగిళ్ల వాళ్లు కలిస్తే ఇంటికి వెయ్యి తగ్గిస్తానంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు. నాలుగు చెట్లకు ఒకే ఎల్సీ చాలు, రెమ్మలే కాబట్టి ట్రాక్టరు రెండు ట్రిప్పుల్లో తేలిపోతుంది. చెట్లు చిన్నవైతే పని ఒకటిన్నర రోజులో అయిపోతుంది.